లిబర్టీకి తెలుగు మాటలు: సెలవు, చనువు, స్వేచ్ఛ, హక్కు

ఆంగ్లంలో లిబర్టీ అనే మాటకు రాజకీయ సిద్ధాంత గ్రంథాల్లో ఎంత గౌరవం ఉన్నదో, నిత్యవ్యవహారంలో అంత చిల్లర పని కూడా ఉన్నది. బానిసను విడిపించడం లిబర్టీ. అడగకుండా ఉత్తరం రాసినందుకు మర్యాదగా మన్నింపు కోరేటప్పుడు వచ్చే మాటా అదే. అంతగా పరిచయం లేని మనిషి భుజం మీద చెయ్యి వేస్తే దాన్నీ లిబర్టీ తీసుకోవడం అంటారు. ఓడ రేవులో ఉండగా నావికుడు కొద్ది గంటలు ఒడ్డుకు వెళ్ళి రావడానికిచ్చే అనుమతికి లిబర్టీ అని పేరు. న్యాయస్థానం ఒక పిటిషన్‌ను కొట్టివేస్తూ, సంబంధిత అధికారిని ఆశ్రయించవచ్చునని చెప్పే వాక్యంలోనూ లిబర్టీయే ఉంటుంది. ఇన్ని పనులు చేసే పదానికి తెలుగులో స్వేచ్ఛ అనో స్వాతంత్ర్యం అనో ఒక సమానార్థకం ఇచ్చి ఊరుకోవడం మనకు అలవాటయింది. ఆ అలవాటును పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఆంగ్లంలో ఒకే పదం కింద ఒదిగిన అర్థాలు తెలుగులో వేర్వేరు కాలాల్లో, వేర్వేరు భాషల నుంచి వచ్చిన మాటల మధ్య పంచుకోబడ్డాయి. ఆ పంపకాన్ని గమనించకుండా చేసే అనువాదం వల్ల, ముఖ్యంగా న్యాయవ్యవహారంలో, తెలుగు చదువరికి నష్టం జరుగుతుందని నా ప్రతిపాదన.

పరిశీలనకు గాజువాక పరిసరాల వాడుకను ఆధారం చేసుకోవడానికి కారణం నేను ఆ ప్రాంతం మనిషిని కావడం ఒక్కటే కాదు. 2005లో మహా విశాఖ నగరపాలక సంస్థలో కలిసిన ఈ పూర్వపు పురపాలక సంఘానికి ఒక వైపు ఉక్కు కర్మాగారం, మరొక వైపు షిప్‌యార్డు, నౌకాదళ స్థావరాలు ఉన్నాయి. పల్లె తెలుగు, కార్మిక సంఘాల తెలుగు, కార్యాలయ ఆంగ్లం, ఇతర రాష్ట్రాల నుంచి వచ్చిన ఉద్యోగుల హిందీ, ఒడియా ఇక్కడ రోజూ ఒకదానికొకటి తగులుతుంటాయి. మాట అర్థం మారడాన్ని చెవితో వినగలిగే చోటు ఇది.

వెళ్ళడం, వెళ్ళనివ్వడం

నౌకాదళ ఆంగ్లంలో లీవు వేరు, లిబర్టీ వేరు. లీవు రోజుల లెక్కన ఉండే సెలవు. లిబర్టీ గంటల లెక్కన ఉండే అనుమతి, గడువు దాటితే శిక్ష ఉంటుంది. అమెరికా విప్లవకారులు ప్రాణం కన్నా మిన్నగా చెప్పుకొన్న పదం, ఓడ మీద పై అధికారి దయ తలచి ఇచ్చే కొన్ని గంటలకు పేరు కావడం మొదట వింతగా తోస్తుంది. కానీ ఆంగ్ల న్యాయశాస్త్రం తెలిసినవారికి వింత కాదు. 1765లో వెలువడిన తన వ్యాఖ్యాన గ్రంథపు మొదటి సంపుటంలో విలియం బ్లాక్‌స్టన్ వ్యక్తిగత లిబర్టీని నిర్వచించింది కదలిక పరంగానే. న్యాయసమ్మతమైన కారణం లేకుండా ఎవరూ నిర్బంధించకుండా, మనిషి తన మనసు మళ్ళిన చోటికి పోగలగడమే ఆయన దృష్టిలో లిబర్టీ. నావికుడు ఒడ్డుకు దిగి వీధిలోకి నడవడం ఆ నిర్వచనానికి దూరమేమీ కాదు. అతడి కదలిక అతడి చేతిలో లేకపోవడం ఒక్కటే తేడా.

ఈ అర్థానికి తెలుగులో సిద్ధంగా ఉన్న మాట సెలవు. దీని అర్థవిస్తృతి గమనించదగినది. అనుజ్ఞ సెలవు, ఆజ్ఞ సెలవు, వీడ్కోలు సెలవు, పనిలేని దినం సెలవు, పాత వాడుకలో ఖర్చు కూడా సెలవే. తమిళంలో ఖర్చు అనే అర్థంలో ఈ పదపు సోదరరూపం నేటికీ నిత్యవ్యవహారంలో ఉన్నది. పెద్దలు మాట్లాడటాన్ని సెలవివ్వడం అంటాం. చిన్నవారు వెళ్ళిపోవడాన్ని సెలవు తీసుకోవడం అంటాం. ఈ అర్థాలన్నిటి వెనుక ఉన్నది వెళ్ళడం అనే భావం. పోవు, సాగు అనే అర్థంగల చెల్ అనే ద్రావిడ ధాతువు నుంచే తమిళంలో వెళ్ళడాన్ని చెప్పే క్రియ వచ్చింది. తెలుగులో చెల్లు, చను కూడా ఆ కుటుంబంలోవే. డబ్బు పోతే ఖర్చు, మనిషి పోతే వీడ్కోలు, మనిషిని పోనిస్తే అనుజ్ఞ. ఆంగ్లంలో లీవు అనే మాట కూడా అనుమతికీ పనిలేని దినానికీ వీడ్కోలుకూ కలిపి పనిచేస్తున్నది గనుక ఈ అర్థపరిణామం తెలుగుకు ప్రత్యేకమని చెప్పలేం. ప్రత్యేకత తరువాతి మెట్టులో ఉన్నది.

చను అనే క్రియకు కావ్యభాషలో వెళ్ళు అనే అర్థంతోపాటు తగు అనే అర్థం కూడా ఉన్నది. చనదు అంటే తగదు. అదే విధంగా చెల్లు అంటే సాగు, చెల్లదు అంటే సాగదు, అంగీకారం కాదు. నోటు చెల్లదు, వీలునామా చెల్లదు అని నేటికీ అంటాం. వ్యాకరణంలోకి వస్తే ఈ ధోరణి మరింత స్పష్టం. ఆధునిక తెలుగులో అనుమతిని, సాధ్యతను తెలిపే చేయవచ్చు, పోవచ్చు వంటి రూపాల్లోని వచ్చు, నిషేధాన్ని తెలిపే చేయరాదులోని రాదు, రెండూ రావడం అనే క్రియకు చెందినవే. ఒక పని చేయడం మనిషికి తగునా తగదా, అనుమతి ఉన్నదా లేదా అన్నది చెప్పడానికి తెలుగు మాటిమాటికీ పోవడం, రావడం, సాగడం అనే క్రియలనే ఆశ్రయించింది. బ్లాక్‌స్టన్ న్యాయసూత్రంగా చెప్పిన కదలిక తెలుగులో క్రియారూపాల్లోనే ఇమిడి ఉన్నది.

చను నుంచి వచ్చిన నామం చనువు. కావ్యాల్లో చనవు అనే రూపం, దానిమీద ఏర్పడిన చనవరి అనే పదం కనిపిస్తాయి. ప్రభువు దగ్గర మాట చెల్లుబడి అయ్యేవాడు, ఆప్తుడు చనవరి. అంటే ఒకరి సమీపానికి అడ్డులేకుండా వెళ్ళగలగడమే చనువు. చొరవ కూడా ఇటువంటిదే. ప్రవేశించు అనే అర్థంగల చొరు ధాతువు దానికి మూలం. ఆంగ్లంలో లిబర్టీ తీసుకోవడం అన్నదానికి తెలుగులో సహజమైన సమానార్థకం చనువు తీసుకోవడమే. పరిమితి దాటితే రెండు భాషల్లోనూ నిందే.

ఇక్కడ ఒక ఆసక్తికరమైన పోలిక చెప్పుకోవాలి. లిబర్టీకి జంటపదంగా చెప్పే ఫ్రీడమ్‌లోని ఫ్రీ అనే మాట, సంస్కృతంలోని ప్రియ శబ్దం, రెండూ ఒకే ఇండో-యూరోపియన్ మూలానికి చెందినవని శబ్దవ్యుత్పత్తి శాస్త్రం చెబుతుంది. స్నేహితుడనే అర్థంగల ఫ్రెండ్ కూడా ఆ కుటుంబంలోదే. ఇంటివారికి ప్రియమైనవారు, అంటే సొంత మనుషులు. వారు కానివారు దాసులు. లాటిన్‌లో లీబెర్ అంటే స్వతంత్రుడు, దాని బహువచనరూపమైన లీబెరీ అంటే ఇంటి బిడ్డలు. ఆ భాషల్లో మరుగున పడిపోయిన ఈ ఆప్తతా భావం తెలుగు చనువులో పైకే కనిపిస్తున్నది. గాజువాకలో ఒక తల్లి తన కొడుకు స్నేహితుడితో, మొహమాటపడకుండా అన్నం పెట్టుకోమని చెప్పడానికి ఫ్రీగా ఉండు బాబూ అంటుంది. వ్యుత్పత్తి ఎరుగకుండానే ఆమె ఆ పదాన్ని దాని పురాతనార్థంలో వాడుతున్నది. ఆమె ఉద్దేశం నీ ఇష్టం వచ్చినట్టు చేయమని కాదు, మా ఇంటివాడిలా ఉండమని.

స్వ అనే ఉపపదం

సెలవు, చనువు, విడుదల అనే మాటల్లో ఇచ్చేవాడొకడు తప్పనిసరి. విడుదల కావాలంటే విడిచేవాడుండాలి. చనువు ఇచ్చేవారు ఇస్తేనే. బెయిలు మీద బయటికి రావాలన్నా మరొకరి పూచీకత్తు అవసరం. జామీను అనే పాత కచేరీ మాట సూచించేదీ ఆ పూచీనే. విశాఖ న్యాయస్థానాల వరండాలను కథల్లోకి తెచ్చిన రావిశాస్త్రి, వృత్తిరీత్యా న్యాయవాది కావడం చేత, ఈ వ్యవహారాన్ని దగ్గరగా చూశాడు. ఆరు సారా కథల్లో చట్టానికి చిక్కే బీదవారి గతి ఆ పూచీ దొరకడం, దొరకకపోవడం చుట్టూనే తిరుగుతుంది. ఎమర్జెన్సీలో ఆయనే నిర్బంధానికి గురయ్యాడు.

ఇచ్చేవాడి ప్రసక్తి లేకుండా చెప్పగల మాటలు సంస్కృతం నుంచి వచ్చాయి. స్వ, ఇచ్ఛ కలిసి స్వేచ్ఛ. స్వ, తంత్రం కలిసి స్వతంత్రం. రెండింటికీ మధ్య భేదం చిన్నది కాదు. స్వేచ్ఛలో ప్రధానం కోరిక. స్వతంత్రంలో ప్రధానం అధీనత లేకపోవడం, తన పనికి తానే ఆధారం కావడం. పాణిని కారక ప్రకరణంలో కర్తను నిర్వచించడానికి ఎంచుకున్న విశేషణం స్వతంత్ర శబ్దమే. క్రియను నడిపించేవాడు కర్త. అతడి కోరికతో వ్యాకరణానికి పనిలేదు. ధర్మశాస్త్రాలు స్త్రీకి నిరాకరించినది కూడా స్వాతంత్ర్యాన్నే. తండ్రి, భర్త, కొడుకు అనే ముగ్గురి అధీనతను క్రమంగా విధించి కర్తృత్వాన్ని తొలగించాయి.

వాడుక తెలుగులో ఈ రెండు మాటల గతి భిన్నంగా సాగింది. జాతీయోద్యమ కాలంలో స్వాతంత్ర్యం దేశానికి అంకితమైంది. స్వాతంత్ర్య సమరయోధుడు, స్వాతంత్ర్య దినోత్సవం అన్న సమాసాలు ఎంతగా స్థిరపడ్డాయంటే, ఒక ఇంట్లో కోడలికి స్వాతంత్ర్యం ఉన్నదని చెబితే ఆ వాక్యం కొంచెం హాస్యంగా వినిపిస్తుంది. మరో వైపు స్వతంత్రించు అనే క్రియకు నింద అంటుకుంది. వాడు స్వతంత్రించి సంతకం పెట్టేశాడు అంటే, అధికారం లేకపోయినా పెట్టాడని అర్థం. స్వేచ్ఛకూ ఇంచుమించు ఇదే అవస్థ. పత్రికా స్వేచ్ఛ, భావప్రకటనా స్వేచ్ఛ అనేచోట గౌరవం. ఆ పిల్లకు స్వేచ్ఛ ఎక్కువైంది అనేచోట అభియోగం. విచ్చలవిడితనానికీ స్వేచ్ఛకూ మధ్య దూరం మగపిల్లవాడి విషయంలో కన్నా ఆడపిల్ల విషయంలో తక్కువగా ఉండటం మనకు అనుభవంలోనిదే.

తెలుగు సాహిత్యం ఈ అభియోగాన్ని ఎదుర్కొన్న తీరులో కదలిక మళ్ళీ కనిపిస్తుంది. 1927 నాటి చలం మైదానంలో రాజేశ్వరి అమీర్‌తో ఇల్లు విడిచి బయలు ప్రదేశానికి వెళ్ళిపోతుంది. నవల పేరే ఒక స్థలం పేరు. 1987లో వచ్చిన ఓల్గా నవలకు శీర్షిక స్వేచ్ఛ. అందులో అరుణ పుట్టింటి కట్టడుల నుంచి ప్రేమవివాహంలోకి, అక్కడా ఊపిరాడక బయటికి నడుస్తుంది. రాజేశ్వరి వెదికింది ఇచ్ఛ నెరవేరే చోటును. అరుణకు కావలసింది కర్తృత్వం, పాణిని చెప్పిన అర్థంలో స్వాతంత్ర్యం. ఆ పదం అప్పటికే దేశానికి కేటాయింపు అయిపోయి ఉండటం వల్లనే ఓల్గా, నింద మోస్తున్న స్వేచ్ఛను తీసుకుని దాన్ని శీర్షికగా నిలబెట్టవలసి వచ్చిందని నా అభిప్రాయం. ఆ నవల వల్ల స్వేచ్ఛ అనే మాట ప్రతిష్ఠ కొంత పెరిగిన మాట నిజం.

ఆంగ్ల పదకుటుంబం తెలుగులో ఎలా చెదిరిపోయిందో కూడా చూడవచ్చు. లిబరలిజం ఉదారవాదమైంది, అంటే దాతృగుణమైంది. 1991 తరువాత వచ్చిన ఆర్థిక లిబరలైజేషన్ సరళీకరణ అయింది, అంటే బిగువు తగ్గించడమైంది. స్వేచ్ఛా విపణిలో మాత్రమే స్వేచ్ఛ మిగిలింది. లిబర్టీకీ వీటికీ బంధుత్వం ఉన్నదన్న స్పృహ తెలుగులో చదివేవారికి కలగదు. ఉచితం కథ మరొకటి. సంస్కృతంలో తగినది అనే అర్థంగల ఈ మాట తెలుగులో వెల లేనిదిగా మారి, ఫ్రీ అనే ఆంగ్లపదానికి ఒక సమానార్థకమైంది. ఆంధ్రప్రదేశ్‌లో మహిళలకు ఉచిత బస్సు ప్రయాణం 2025 ఆగస్టు 15న మొదలయింది. ఫ్రీ బస్సు అనే నేటి వాడుకలో వెల లేకపోవడం ఒక్కటే ఉద్దిష్టార్థం కావచ్చు. అయితే చేతిలో చార్జీ డబ్బు లేక ఇల్లు కదలని ఆడమనిషి పాతగాజువాక సెంటరులో బస్సెక్కినప్పుడు, బ్లాక్‌స్టన్ నిర్వచనం ఆ మాటలోకి తెలియకుండానే ప్రవేశిస్తున్నది.

లిబర్టీలు హక్కులైన వైనం

1970లలో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ సివిల్ లిబర్టీస్ కమిటీ తెలుగులో పౌరహక్కుల సంఘంగా ప్రసిద్ధమైంది. కన్నబిరాన్, బాలగోపాల్ వంటివారి పేర్లతో ముడిపడిన ఆ సంస్థ ఆంగ్ల నామంలో ఉన్నది లిబర్టీలు. తెలుగు నామంలో ఉన్నది హక్కులు. పౌరస్వేచ్ఛల సంఘం అని పెట్టుకుని ఉంటే వ్యాకరణదోషం ఏమీ లేదు. కానీ స్వేచ్ఛకు తెలుగులో బహువచనం అంత సహజంగా కుదరదు, పోలీసు స్టేషను ముందు నిలబడి అడగడానికి ఆ మాటలో పట్టు చాలదు. అరబీ మూలం నుంచి పారసీ, ఉర్దూల ద్వారా వచ్చిన హక్కు, కచేరీలోనూ భూమి పత్రాల్లోనూ తరతరాలుగా నలిగిన మాట. హక్కుదారు, హక్కుభుక్తం అనే సమాసాలు రైతుకు తెలుసు. హక్కు ఉన్నవాడు ఎవరినీ సెలవు అడగనక్కరలేదు.

గాజువాక చరిత్రలో ఈ మాట బరువు వేరే చెప్పనక్కరలేదు. విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు అనే నినాదంతో 1966లో సాగిన ఉద్యమంలో అమృతరావు నిరాహారదీక్ష, తెన్నేటి విశ్వనాథం నాయకత్వం, నవంబరు 1 నాటి విశాఖ కాల్పులు ప్రసిద్ధాలు. రాష్ట్రం మొత్తం మీద 32 మంది ప్రాణాలు కోల్పోయినట్టు చెబుతారు. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. నినాదం నిలవడానికి ఉక్కు, హక్కు అనే ప్రాస ఒక కారణమన్నది స్పష్టమే. కానీ ప్రాస ఒక్కటే అయితే అది 2021 జనవరిలో కేంద్ర మంత్రివర్గ సంఘం నూరు శాతం పెట్టుబడుల ఉపసంహరణకు సూత్రప్రాయంగా ఆమోదం తెలిపినప్పుడు, మరో తరం గొంతులో అంత సులువుగా తిరిగి పలికేది కాదు.

ఈ హక్కుకు మరొక అంచు ఉన్నది. కర్మాగారం కోసం 64 గ్రామాల ప్రజలు భూములు, ఇళ్ళు విడిచి వెళ్ళవలసి వచ్చింది. నిర్వాసితులనే మాట అప్పటినుంచి ఈ ప్రాంతంలో ఒక సామాజిక వర్గనామం వంటిదైంది. ఆర్ కార్డు అనేది వారి గుర్తింపు. 1864లో బాల్టిమోరులో చేసిన ప్రసంగంలో లింకన్, గొర్రెను తోడేలు నుంచి కాపాడిన కాపరిని గొర్రె విమోచకుడంటుందనీ, తోడేలు మాత్రం తన లిబర్టీని హరించినవాడంటుందనీ చెప్పాడు. ఇక్కడి స్థితికి ఆ ఉపమానం అతకదు, ఎందుకంటే ఇక్కడ తోడేలు లేదు. ఆంధ్రుల హక్కు న్యాయమైనదే, ఊరు విడిచినవారి హక్కూ న్యాయమైనదే. కర్మాగారం గేటు ముందు ఉద్యోగం కోసం నిర్వాసితుడు పలికినదీ, ప్రైవేటీకరణకు వ్యతిరేకంగా ఉద్యోగి పలికినదీ ఒకే పదం. వెళ్ళడం అనే మూలార్థం ఈ నిర్వాసితుల విషయంలో తలకిందులైంది. కదలగలగడం కాదు, కదలకుండా ఉండగలగడం వారికి లిబర్టీ. సెలవు, చనువుల కుటుంబంలో దానికి మాట లేదు.

తీర్పుల తెలుగు

రాజ్యాంగ పీఠికలో లిబర్టీ, పందొమ్మిదో అధికరణంలో ఫ్రీడమ్, ఇరవై ఒకటో అధికరణంలో పర్సనల్ లిబర్టీ ఉన్నాయి. తెలుగు పాఠ్యపుస్తకాల్లోనూ పత్రికల్లోనూ వీటికి స్వేచ్ఛ, స్వాతంత్ర్యం అనే రెండు మాటలూ ఒకదాని స్థానంలో మరొకటి వస్తుంటాయి. ఆంగ్లంలో ఆ భేదం అలంకారప్రాయం కాదు. లిబర్టీకి ముందు పర్సనల్ అనే విశేషణం చేర్చింది అంబేద్కర్ అధ్యక్షతన పనిచేసిన ముసాయిదా సంఘమే. లేకపోతే ఆ పదం ఇతర అధికరణాల్లోని స్వేచ్ఛలన్నిటినీ కలుపుకునేంత విస్తరిస్తుందని భావించింది. 1950లో గోపాలన్ వర్సెస్ మద్రాసు రాష్ట్రం కేసులో సుప్రీంకోర్టు మెజారిటీ దాన్ని దేహనిర్బంధం లేకపోవడానికి దగ్గరగా కుదించింది. పాస్‌పోర్టు స్వాధీనం చేసుకోవడం మీద వచ్చిన మేనకా గాంధీ కేసులో 1978లో ఆ ఇరుకుతనం తొలగింది. ఈ చరిత్ర అంతటా వివాదం వెళ్ళడం, ఆపడం అనే వాటి మీదే నడిచింది. తెలుగు చదువరికి స్వేచ్ఛ అన్నప్పుడు ముందుగా తోచేది మాత్రం ఇష్టం వచ్చినట్టు ఉండటం.

సుప్రీంకోర్టు 2019లో ప్రాంతీయ భాషల్లోకి తీర్పుల అనువాదం మొదలుపెట్టినప్పుడు తొలి భాషల్లో తెలుగు ఉన్నది. 2023 జూన్‌లో తెలంగాణ హైకోర్టు ధర్మాసనం ఒక తీర్పును తెలుగులో వెలువరించింది. ఈ ప్రయత్నం ముందుకు సాగే కొద్దీ, న్యాయస్థానాల రోజువారీ ఆంగ్లంలోని లిబర్టీని ఏమనాలన్నది పారిభాషిక కోశాల చర్చగా మిగలదు. భూపరిహారం మీద వేసిన పిటిషన్ కొట్టివేతకు గురైందనుకుందాం. ఉత్తర్వు చివర, సంబంధిత అధికారిని ఆశ్రయించడానికి పిటిషనరు ఎట్ లిబర్టీ అని ఉంటుంది. దాన్ని పిటిషనరుకు స్వేచ్ఛ కలదు అని తెలుగు చేస్తే, ఆ కాగితం చేతపట్టుకున్న ఇంటివారికి కోర్టు తమకేదో ఇచ్చిందన్న భ్రమ కలగడానికి అవకాశం ఉన్నది. ఆ వాక్యం ఇచ్చింది ఏమీ లేదు. ఒక దారి మూసి, మరొక దారికి అడ్డురానని చెప్పింది. అదే ఉత్తర్వులో మరోచోట పర్సనల్ లిబర్టీ ప్రస్తావన వచ్చి, దానికీ స్వేచ్ఛే వేస్తే, రెండింటి మధ్య ఆకాశానికీ భూమికీ ఉన్న అంతరం కనబడకుండా పోతుంది.

వెసులుబాటు అనే మాటను పత్రికలు ఇటువంటిచోట కొంతవరకు వాడుతున్నాయి. అదీ మేలే. కానీ నామం కోసం వెదకవలసిన పని కూడా లేదు. పిటిషనరు సంబంధిత అధికారిని ఆశ్రయించవచ్చు అని రాస్తే చాలు. ఆశ్రయించవచ్చులోని వచ్చు ఆ పని మొత్తం చేస్తుంది, అంతకుమించి ఏమీ వాగ్దానం చేయదు. స్వేచ్ఛ అనే మాటను ఇరవై ఒకటో అధికరణం వంటి చోట్లకు మిగిల్చి, అక్కడ అవసరమైతే నిర్బంధరాహిత్యం, అక్రమ నిర్బంధం నుంచి రక్షణ అనే వివరణలు జోడించాలి. సివిల్ లిబర్టీలు బహువచనంలో వచ్చినప్పుడు, ఉద్యమాలు ఇదివరకే చేసిపెట్టిన అనువాదం ఉండనే ఉన్నది.